ఒరిగిన మంచు

"ఆ మిగిలిన రెండూ కరిగించేస్తే ఫైలు మూసేయొచ్చు" అన్నాడు సీలుబాబు.

"ఫైలుతోపాటు ఆ మొగుడూపెళ్లాల ఆశ కూడా మూసుకుపోతుంది. చెయ్యి వెనక్కి తియ్యండి" అంది జల్లెడ.

ఇద్దరికీ కన్నవాళ్లు పెట్టిన పేర్లు వేరే ఉన్నాయి గానీ వాటితో పిలిచేవాళ్లు లేరు. ఆమె ప్రైవేటు డిటెక్టివ్. కేసు చేతికొస్తే చెత్తాచెదారం సహా జల్లించి గానీ వదలదని పోలీసులు వెటకారంగా తగిలించిన పేరది. ఆమెకు నచ్చి, విజిటింగ్ కార్డు మీద కూడా వేయించుకుంది. ఆయన ఆరోగ్యశాఖలో విజిలెన్స్ అధికారి. జేబులో లక్క, దారం, ఇత్తడి ముద్ర లేకుండా ఇల్లు కదలడు. ఎక్కడ అడుగుపెట్టినా ముందు ఏదో ఒక తలుపుకి సీలు వేసి, ఆ తర్వాతే పలకరిస్తాడు.

వాళ్లు నిలబడ్డది సంతానం కోసం వచ్చేవాళ్ల ఆసుపత్రిలో, వీర్యాన్ని గడ్డకట్టించి దాచే ల్యాబులో. ఇద్దరి మధ్యా బల్ల మీద ఒక తెల్ల పెట్టె, దానిలోంచి తెల్లగా పొగలు. అవి వేడి పొగలు కావు. లిక్విడ్ నైట్రోజన్ చలికి గాలిలోని తేమ అలా కనిపిస్తోంది. ఆ చలి అడుగున చిటికెనవేలంత మూతగొట్టాలు, వయళ్లంటారు, రెండు. అవి ఒక బస్సు డ్రైవరువి.

డ్రైవరుకి క్యాన్సరు వచ్చింది. మందు మొదలుపెడితే ప్రాణం నిలుస్తుంది గానీ పిల్లలు పుట్టే యోగం పోవచ్చని డాక్టర్లు ముందే చెప్పారు. అందుకని మందుకి ముందు నాలుగుసార్లు వచ్చి నాలుగు వయళ్లు దాచుకున్నాడు. ప్రాణం నిలిచింది. డాక్టర్లు చెప్పినట్టే పిల్లల యోగం పోయింది. ఆరోగ్యం కుదుటపడ్డాక భార్యని వెంటబెట్టుకుని వచ్చి ఒక వయల్ కరిగించమన్నాడు. అందులో ఒక్కటంటే ఒక్క కణం కదల్లేదు. రెండోదీ అంతే. అప్పుడు ఆ భార్య, పసిపిల్లలకి పాఠాలు చెప్పే టీచరు, జల్లెడ గుమ్మం ఎక్కింది.

"మా ఆయన కేసు వద్దంటాడు మేడం. కష్టంలో ఆదుకున్న చోట గొడవేంటే అంటాడు. నాకూ గొడవొద్దు. మావి నిజంగా చచ్చిపోయాయా, ఎవరైనా చంపేశారా, అది తెలిస్తే చాలు" అంది టీచరు.

జల్లెడ ఆ కేసు పట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. దాన్ని ఆమె దాచలేదు. ఏడేళ్ల కిందట ఇదే ల్యాబులో, ఇదే పెద్దమనిషి చేతులమీదుగా, తన భర్త దాచుకున్న వయల్ కరిగి కూతురైంది. ఆ పెద్దమనిషిని అందరూ మాస్టారంటారు. తలంతా నెరిసినా వేళ్లు మాత్రం వణకవు. ఆయన రుణం ఈ జన్మకి తీరదని జల్లెడ అనుకోని రోజు లేదు. ఇప్పుడు ఆ మాస్టారి పీకల మీదికే వచ్చింది.

"అమ్మాయి ఎలా ఉంది తల్లీ?" అన్నాడు మాస్టారు, పెట్టెలోకి నైట్రోజన్ పోస్తూ. అంత గందరగోళంలోనూ ఆ మాట అడగడం మానలేదు.

జల్లెడ హ్యాండుబ్యాగులోంచి ఒక కాగితం పొట్లం తీసింది. "పొద్దున్న ముందుపన్ను ఊడింది. మాస్టారు తాతకి చూపించి తీరాలని ఆర్డరు."

"ఏంటది? సాక్ష్యమా?" సీలుబాబు చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది.

"పాలపన్ను. దీనికీ సీలు వేస్తారా?"

మాస్టారు ఆ పంటిని అరచేతిలో వేసుకుని వెలుతురుకి పట్టి చూసి, మళ్లీ పొట్లంలో పెట్టి ఇచ్చాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. సీలుబాబుకి ఇదంతా ఎక్కడో కాలింది.

"ఇదిగో, ఇదే నేను చెప్పేది. మీ కళ్లకి కృతజ్ఞత గంతలు కట్టేసింది. ఈయన మీకు కూతుర్నిచ్చాడు, కాబట్టి ఈయన తప్పు చెయ్యడు. ఇదేగా మీ దర్యాప్తు?"

"కాదు. ఈయన నాకు కూతుర్నిచ్చాడు కాబట్టి, తప్పు చేసుంటే అది నా నోటితోనే బయటపెట్టాలి. ఇంకెవరి నోటినుంచో వినలేను. మీ వాదనేంటో చెప్పండి."

సీలుబాబు గొంతు సవరించుకున్నాడు. ఆయన వాదన విన్నవాళ్లెవరికైనా నిజమేననిపిస్తుంది.

ఒక్కో మగాడి కణాలు ఒక్కో తీరు. కొందరివి గడ్డకట్టించి కరిగించినా లేచి ఈదుతాయి. కొందరివి పైకి ఎంత చురుగ్గా కనిపించినా చలికి తట్టుకోలేవు. ఎవరివి తట్టుకుంటాయో ముందే పసిగట్టడమే ఈ పనిలో కష్టమంతా. మాస్టారిది పాత పద్ధతి. వీర్యం ఇచ్చిన ప్రతిసారీ కొంచెం పక్కకి తీసి, పసుపు మూత వయల్లో గడ్డకట్టించి, ఆ రోజే కరిగించి, మైక్రోస్కోపు కింద లెక్కపెడతాడు. పసుపు మూతవి ఎలా బతికితే దాచిపెట్టే తెల్ల మూతవీ అలాగే బతుకుతాయని ఆయన లెక్క. ఆయన శిష్యురాలు చిన్న డాక్టరుది కొత్త పద్ధతి. ఆమె తయారుచేసిన యంత్రం తాజా కణాల ఈతని వీడియో తీసి, గడ్డకట్టించకముందే ఎన్ని బతుకుతాయో చెప్పేస్తుంది. ల్యాబులో అందరూ దాన్ని చిలక అంటారు.

"డ్రైవరు విషయంలో మీ మాస్టారు నూటికి నలభై బతుకుతాయన్నాడు. చిలక సున్నా అంది. వచ్చింది సున్నా. అంటే ఎవరి జోస్యం నిజం? ఈయన లేనిపోని ఆశపెట్టి వాళ్లని నమ్మించాడు. రేపు పొద్దున్న ఈయన లైసెన్సు రద్దు చెయ్యమని రాసేస్తున్నాను."

"నలభై అన్నచోట ఇరవై వస్తే పొరపాటు. పది వస్తే దురదృష్టం. రెండుసార్లూ నికరంగా సున్నా వస్తే మాత్రం నాకు మింగుడుపడట్లేదు" అంది జల్లెడ. "మాస్టారూ, ఆ రెండిట్లో ఒకటి పైకి తీసి చూపిస్తారా? కరగనివ్వకుండా, ఒక్క క్షణం."

మాస్టారు పట్టకారుతో వయల్ని పొగలోంచి పైకి ఎత్తాడు. గొట్టం పాలరంగు ప్లాస్టిక్‌ది. లోపలున్న మంచు మసకగా కనిపిస్తోంది. జల్లెడ మెడ ఒకవైపు వంచి చూసింది. తర్వాత రెండోవైపు వంచి చూసింది.

"దించండి. రెండోది."

రెండోదీ చూసింది. "ఇప్పుడు వేరే ఎవరిదైనా ఒకటి. ఎవరిదైనా ఫరవాలేదు."

మాస్టారు గది మధ్యలో ఉన్న కొత్త ట్యాంకు మూత తెరిచి, డబ్బా పైకి లాగి, ఇంకో వయల్ ఎత్తి చూపించాడు. జల్లెడ తల ఊపింది.

"దీంట్లో మంచు బల్లపరుపుగా ఉంది, గ్లాసులో నీళ్లలాగా. డ్రైవరు వయళ్లలో మంచు ఒరిగి ఉంది. ఒక పక్క మూతదాకా ఎక్కింది, రెండోపక్క సగానికే ఆగింది. మీరు గడ్డకట్టించేటప్పుడు వయళ్లని ఎలా పెడతారు?"

"నిలబెట్టే పెడతామమ్మా. స్టాండులో."

"మరి ఇవి పడుకుని గడ్డకట్టాయి."

మాస్టారి చేతిలో పట్టకారు ఆగిపోయింది. సీలుబాబు ఇద్దరినీ మార్చిమార్చి చూశాడు.

"పడుకుని గడ్డకడితే మాత్రం ఏం కొంప మునిగింది?" అన్నాడు.

"మునిగింది సార్" అన్నాడు మాస్టారు నీరసంగా. "మా దగ్గర పడుకుని గడ్డకట్టేవి ఒకే రకం. పసుపు మూతవి. పరీక్షకి కరిగించి లెక్కపెట్టాక మిగిలింది పారేయబుద్ధి కాదు నాకు. అందులో ద్రావణం కలిపి నింపి, మళ్లీ చలిలో పడేస్తాను. కొత్తగా చేరినవాళ్లు వయళ్లు ఎత్తడం, దించడం వాటితో నేర్చుకుంటారు. పాఠానికి వాడేవాటిని ఎవరు నిలబెడతారు? అలా గిరాటేస్తాం. ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టినదాంట్లో ప్రాణం ఉండదు. పేరూ, తేదీ మాత్రం అసలు వాటి మీద ఉన్నవే ఉంటాయి. తేడా మూత రంగు ఒక్కటే."

"ఆ మూత మార్చడం ఎంతసేపు పని?"

మాస్టారు మూత తిప్పినట్టు రెండు వేళ్లు గాలిలో తిప్పి చూపించాడు.

జల్లెడకి అప్పుడు ముందుగా కలిగింది కోపం కాదు, హాయి. గుండెలమీంచి బండ దింపినట్టయింది. మాస్టారి లెక్క తప్పలేదు. డ్రైవరు కణాలు మాస్టారి చేతిలో చావలేదు. అసలు వాటిని ఇంతవరకూ ఎవరూ కరిగించనే లేదు.

"అయితే అసలు నాలుగూ ఎక్కడున్నాయి?" అన్నాడు సీలుబాబు. ఆ ప్రశ్న అడిగినందుకు జల్లెడ మొదటిసారి ఆయన వైపు కాస్త మెచ్చుకోలుగా చూసింది.

"మీరు ఆ పెట్టె దగ్గరే ఉండండి. సీలు తప్ప ఏం వేసినా ఊరుకోను" అని బయటికి నడిచింది.

వరండాలో టీచరు బెంచీ మీద కూర్చుని ఉంది. పక్కన ఒక పొడుగాటి మనిషి, కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మడిచి, చాపి, మళ్లీ మడిచి అవస్థ పడుతున్నాడు. చేతిలో బిస్కట్ పొట్లం. టీచరుకి ఒకటి ఇచ్చి, జల్లెడ వైపు కూడా చాపాడు.

"తీసుకోండి మేడం. టెన్షన్‌కి నాకు నోరు ఆగట్లేదు. పదకొండున్నరకి మా ఆవిడని లోపలికి తీసుకెళ్తారు."

"మంచిది. అంతా శుభం జరగాలి" అంది జల్లెడ, మాట వరసకి.

"జరుగుతుందండి. నేనూ ఆపరేషన్‌కి ముందు ఇక్కడే దాచుకున్నాను. కరిగిస్తే ఒక్కటీ బతకలేదు. పదిరోజులు ముద్ద దిగలేదు నాకు. తర్వాత ఎవరో మహానుభావుడు దానమిచ్చినది వాడదామన్నారు. ఆయన పేరు చెప్పరు, ఊరు చెప్పరు. పొద్దున్న లేవగానే తూర్పు తిరిగి ఆయనకో దండం పెట్టుకుంటున్నాను. ఏం మనిషండీ, మొహం కూడా తెలియని మాలాంటివాళ్ల కోసం!"

ఆయన బిస్కట్ నములుతూ నవ్వడానికి ప్రయత్నించాడు. జల్లెడ ఆయన భుజం తట్టి, టీచరు వైపు వంగింది.

"అమ్మాయ్, ఇంకా ఏడవకు. మీవి చచ్చిపోలేదేమో."

టీచరు నోటిలోని బిస్కట్ మింగడం మరిచిపోయింది. ఆ మొహంలోకి వచ్చిన వెలుగు చూసి జల్లెడకి భయం వేసింది. అనవసరంగా నోరు జారానా అనుకుంది.

చిన్న డాక్టరు గది వరండా చివర ఉంది. బల్ల మీద చిలక, అంటే కెమెరా తగిలించిన మైక్రోస్కోపూ ఒక కంప్యూటరూ. చిన్న డాక్టరు దాని ముందు కూర్చుంది గానీ తెర నల్లగా ఉంది. ముప్పై దాటని పిల్ల. కళ్లకింద నిద్రలేమి గుంటలు.

"కూర్చోండి మేడం. సీలు తీస్తున్నారా?"

"ఏ సీలు?"

"అదే... స్టోర్‌రూముది. పాత ట్యాంకున్న గది."

జల్లెడ కుర్చీ లాక్కుని నింపాదిగా కూర్చుంది. "నీ చిలక ఎలా ఉంది?"

"బావుంది మేడం. వచ్చే సోమవారం బోర్డు ముందు పెడుతున్నాం. ఓకే అయితే అన్ని బ్రాంచీల్లో పెడతారు. ఇక పరీక్షకని ఎవరి వీర్యమూ వృథా చెయ్యక్కర్లేదు."

"మంచి పనే. ఎప్పుడూ తప్పు చెప్పలేదా?"

"చాలా తక్కువ."

"డ్రైవరు విషయంలో సున్నా అంది. మాస్టారు నలభై అన్నారు."

"సున్నాయే వచ్చింది కదా." ఆ మాట గోడకి చెప్పింది.

"కొత్త ట్యాంకు వచ్చినప్పుడు పాత ట్యాంకులోంచి వయళ్లు మార్చింది ఎవరు?"

"నేనే. సార్‌కి నడుంనొప్పి. వంగలేరు."

"పాత ట్యాంకు ఖాళీయేనా?"

"ఖాళీయే. పాఠానికి వాడేవి కొన్ని ఉండొచ్చు. మేడం, ఆ సీలు ఎప్పుడు తీస్తారో కొంచెం..."

"నాలుగోసారి" అంది జల్లెడ.

"ఏంటి?"

"మొన్న ఫోన్లో అడిగావు. నిన్న మెట్ల దగ్గర అడిగావు. ఇప్పుడు వచ్చాక రెండుసార్లు. ఈ ఆసుపత్రిలో నేను మాట్లాడిన ప్రతివాళ్లూ ఎవరు చేశారండీ అని నా చెవి కొరికేస్తున్నారు. నువ్వు ఒక్కదానివే ఆ ముక్క అడగలేదు. నీకు కావలసిందల్లా సీలు. ఖాళీ ట్యాంకున్న గదికి సీలుంటే నీకెందుకమ్మా అంత బెంగ?"

చిన్న డాక్టరు చూపు గోడ గడియారం మీదికీ, అక్కణ్నుంచి తలుపు మీదికీ పోయింది.

"అందులో నైట్రోజన్ పోసి ఎన్నాళ్లయింది?" జల్లెడ గొంతు ఒక్కసారి మారిపోయింది.

అంతే. ఆ పిల్ల రెండుచేతుల్లో మొహం దాచుకుని భోరుమంది.

"మూడు వారాలు దాటింది మేడం! వారంవారం నేనే పోసేదాన్ని, ఎవరికీ తెలీకుండా. ఆయన వచ్చి సీలు వేశాక లోపలికెళ్లలేకపోయాను. అది పాతది, తొందరగా ఆవిరైపోతుంది. చెప్తే నేను దొరికిపోతాను. చెప్పకపోతే అవి చచ్చిపోతాయి. రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. పారేద్దామనుకున్నాను మేడం, మొదటిరోజే. చేతులు రాలేదు. వయల్ ఎలా పట్టుకోవాలో సార్ నా వేళ్లు పట్టుకుని నేర్పారు. దాన్ని పారేయడం నావల్ల కాలేదు."

"నీ ఏడుపు తర్వాత వింటాను. లే!"

స్టోర్‌రూము ల్యాబుని ఆనుకునే ఉంది. తాళం మీద ఎర్ర లక్క ముద్ద, దాని మీద సీలుబాబు ముద్ర. సీలుబాబు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"కుదరదు. పై అధికారి సంతకం లేకుండా సీలు తీస్తే నా ఉద్యోగం ఊడుతుంది. రేపు పదింటికి ఆయన వస్తాడు."

"ఈ ట్యాంకుకి సీలు ఎందుకు వేశారు?"

"ట్యాంకు పాడై వయళ్లు చచ్చాయేమోనని. సాక్ష్యం చెక్కుచెదరకుండా ఉండాలని."

"భేష్. అందులో నైట్రోజన్ పొయ్యమని ఎవరికైనా చెప్పారా?"

"పొయ్యడమేంటి? మూత పెట్టే ఉందిగా?"

మాస్టారు నెత్తి కొట్టుకున్నాడు. "మూత ఉన్నా ఆవిరైపోతుంది సార్. పొయ్యి మీద పాలు పెట్టి తలుపేసుకుని వెళ్లినట్టు చేశారు."

సీలుబాబు మొహంలో నెత్తుటి చుక్క లేదు. పదిహేనేళ్ల సర్వీసులో ఎన్నో గదులకి సీలు వేశాడు. లోపల ఉన్నది తనవల్లే నాశనమవుతుందన్న ఆలోచన ఎప్పుడూ రాలేదు. జల్లెడ తిట్టడానికి నోరు తెరిచి, ఆ మొహం చూసి మూసేసింది.

"ఇందులో ఒక బిడ్డ ఉండొచ్చు బాబూ. రేపు పదింటికి ఉంటుందో ఉండదో చెప్పలేను" అంది మెల్లిగా.

సీలుబాబు బొటనవేలి గోరుతో తన సీలు తనే పగలగొట్టాడు. లక్క పెంకులు బూటు మీద రాలాయి.

పాత ట్యాంకు మూలన ఉంది. మూత తీస్తే పొగ రాలేదు. మాస్టారు గోడకి తగిలించిన నల్ల ప్లాస్టిక్ బద్ద తీసి ట్యాంకు అడుగుదాకా దించి ఆగాడు. నైట్రోజన్ ఎంతవరకు ఉంటే బద్ద మీద మంచు అంతవరకు పడుతుంది. లోపల ఏముందో చెప్పడానికి అంతకంటే సాధనం లేదు. ఆయన బద్ద పైకి లాగి గాలిలో ఆడించాడు. నల్లని బద్ద నల్లగానే ఉంది. మరికొంచెం ఆడించాడు. చివర్న తెల్లగా మంచు పొడి పట్టింది.

రెండు వేళ్ల మేర.

"ఉంది" అన్నాడు మాస్టారు. "తల్లీ, ఇంకా ఉంది!"

చిన్న డాక్టరు అప్పటికే నైట్రోజన్ క్యాను ఈడ్చుకొచ్చింది. సీలుబాబు రెండోపక్క పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి పోశారు. ట్యాంకు బుసకొట్టి, తెల్లగా పొగలు కక్కింది. గదిలో ఎవరికీ ఆ చప్పుడుకన్నా మంచి సంగీతం విన్నట్టు గుర్తులేదు.

"సార్, ఇంత పాత ట్యాంకులో మూడు వారాలు ఎలా మిగిలింది?" అంది చిన్న డాక్టరు ముక్కు తుడుచుకుంటూ. "రెండు వారాలే ఆగుతుందనుకున్నాను."

మాస్టారు సీలుబాబు వైపు తిరిగాడు. "వాడకంలో ఉన్నప్పుడు రోజుకి పదిసార్లు మూత తీస్తాం, పెడతాం. తీసినప్పుడల్లా ఆవిరి పోతుంది. ఈ మూడు వారాలూ మూత ముట్టుకున్నవాడు లేడు. మీ సీలే చంపబోయింది, మీ సీలే కాపాడింది సార్. మీకు దండం."

ఆ పెద్దాయన నిజంగానే చేతులు జోడించాడు. తన లైసెన్సు రద్దు చెయ్యమని రాయబోతున్న మనిషికి! సీలుబాబు కంగారుగా ఆ చేతులు పట్టుకుని దించాడు. ఏమనాలో తెలియక, "అయ్యో, ఉండండి, ఉండండి" అని మాత్రం అన్నాడు.

డబ్బా పైకి లాగితే నాలుగు వయళ్లు. మాస్టారు ఒకటి ఎత్తాడు. మంచు బల్లపరుపుగా ఉంది. అంతవరకూ అణచుకున్న ప్రశ్న ఆయన అప్పుడు అడిగాడు, శిష్యురాలి మొహం చూడకుండా.

"ఎందుకు చేశావమ్మా?"

"మీరు ఇరవై ఏళ్లుగా లెక్కపెట్టినవన్నీ దానికి నేర్పాను సార్. అది తప్పు చెప్తే మీ లెక్కలే తప్పినట్టనిపించింది. ఒక్కసారి తప్పు చెప్పిందంటే బోర్డు దాన్ని మూల పడేస్తుంది. అందుకని... అది చెప్పిందే నిజం చేశాను."

"పిచ్చిదానా. తప్పు చెప్పిన ఆ ఒక్కటే దానికి అసలు పాఠం. అది దానికి నేర్పకుండా నువ్వే దాచేశావు."

టీచర్ని లోపలికి పిలిచారు. జరిగింది రెండు ముక్కల్లో చెప్పి మాస్టారు అడిగాడు. "చలి తగ్గి పాడయ్యాయో లేదో చూస్తే గానీ తెలీదమ్మా. వయల్ మొత్తం కరిగించను. పైపైన చిటికెడు మంచు గోకి, ఆ చుక్క ఒక్కటే చూస్తాను. గోకమంటావా?"

"గోకండి సార్" అంది టీచరు. చీర చెంగు పిడికిట్లో ముద్దయిపోయింది.

ఆయన గోకాడు. గింజంత మంచు గాజుపలక మీద పడి, నీటిచుక్కయింది. మైక్రోస్కోపు మీదికి వంగాడు. ఆ నెరిసిన తల చాలాసేపు పైకి లేవలేదు. జల్లెడ హ్యాండుబ్యాగులో ఉన్న పంటి పొట్లాన్ని గట్టిగా పట్టుకుంది. ఏడేళ్ల కిందట కూడా ఈయన ఇలాగే వంగాడు, తను ఇలాగే నిలబడింది.

మాస్టారు పక్కకి జరిగాడు. "నువ్వు చూడమ్మా."

టీచరు కన్ను ఆనించింది. ముందు ఏమీ కనిపించలేదు. తర్వాత నోరు తెరుచుకుంది.

"పోతున్నాయి సార్... ఎటో పోతున్నాయి!"

"పోనియ్యమ్మా. వాటి పనే అది."

"అన్నీ కాదు సార్, కొన్నే."

"ముప్పై ఉండొచ్చు నూటికి. నలభై అన్నాను. పది తగ్గించుకో. ఒక్కటి చాలు కదమ్మా మనకి."

టీచరు మాస్టారి కాళ్లకి దండం పెట్టబోతే ఆయన పట్టుకుని లేపాడు. ఆమె జల్లెడని కావలించుకుంది. తర్వాత చిన్న డాక్టరు వైపు తిరిగింది. లాగి ఒక్కటి కొడుతుందనే అందరూ అనుకున్నారు.

"నువ్వు చేసినపని నేను మర్చిపోను. కానీ పారెయ్యలేదు చూడు, అదీ మర్చిపోను" అంది. "మా ఆయనకి ఫోన్ చేసుకోవాలి" అని ఏడుస్తూనే బయటికి పరుగెత్తింది.

చిన్న డాక్టరు మాత్రం కదల్లేదు. ఆమె చూపు ఇంకా పాత ట్యాంకు మీదే ఉంది. జల్లెడకి ఆ చూపు నచ్చలేదు. దొంగిలించినది తిరిగి ఇచ్చేసిన మనిషి చూపు కాదది.

"ఇంకా ఏముంది అందులో?"

మాస్టారు ట్యాంకులోంచి రెండో డబ్బా పైకి లాగాడు. పాఠానికి వాడేవి ఉండాల్సిన డబ్బా. అందులో పసుపు మూతలు లేవు. తెల్ల మూతలవి మూడు వయళ్లు, మూడింట్లోనూ మంచు బల్లపరుపుగా ఉంది.

"ఇవి ఎవరివి?" అన్నాడు మాస్టారు.

"చిలక సున్నా అన్నది ఇద్దరి విషయంలో సార్" అంది చిన్న డాక్టరు, వినపడీ వినపడనట్టు. "మీరు ఇద్దరికీ బతుకుతాయనే అన్నారు."

"రెండోవాళ్లెవరు?"

"బయట కూర్చున్నారు. ఆ పొడుగాయన."

జల్లెడ గోడ గడియారం వైపు చూసింది. పదకొండున్నర దాటింది.

తలుపు ఎలా తెరిచిందో, వరండా ఎలా దాటిందో ఆమెకే తెలియదు. వెనక బూట్ల చప్పుడు వినిపిస్తోంది. అది సీలుబాబుదని, ఆయన కూడా తనకి దీటుగా పరుగెత్తుతున్నాడని మాత్రం తెలిసింది. బెంచీ దగ్గర పొడుగాయన లేచి నిలబడి ఉన్నాడు. థియేటరు తలుపు పైన ఎర్రదీపం వెలుగుతోంది. 'లోపలికి రాకూడదు' అన్న బోర్డు వంక సీలుబాబు ఒక్క క్షణం చూసి, భుజంతో తలుపుని గుద్దాడు. జల్లెడ రెండు పిడికిళ్లతో బాదసాగింది.

"ఆపండి! లోపల ఎవరున్నారు? ఆపండి!"

పొడుగాయనకి ఏమీ అర్థం కాలేదు. బిస్కట్ పొట్లం గుండెకి హత్తుకుని, పాపం, ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

"ఇప్పుడే తీసుకెళ్లారండి. ఆ మహానుభావుడికి ఇంకోసారి దండం పెట్టుకుంటున్నాను. ఏమైంది మేడం?"